పాత నెట్‌వర్క్ చెప్పకుండా ఇచ్చిన క్లాక్: ఒక జాతీయ టెలికాం మార్పిడి కేసు

ఒక జాతీయ టెలికాం సంస్థ తన దేశంలోని పాత డిజిటల్ నెట్‌వర్క్‌ను తీసేసి ఐపీ నెట్‌వర్క్‌కు మారుతున్నప్పుడు మొదటి రీజియన్‌లో ఎదురైన సమస్య ఇది. ఆ ప్రాజెక్టులో నేను ట్రాన్స్‌మిషన్ ఇంజినీర్‌ని. దేశం, సంస్థ, పరికరాల కంపెనీలు, ఊళ్లు, తేదీలు అన్నీ వదిలేశాను. కొలతలు, లెక్కలు మాత్రం ఉంచాను. ఇదే పని రేపు ఇంకొకరి చేతికొచ్చినప్పుడు అక్కరకొచ్చేవి అవే.

నేపథ్యం

నగరాల్లో డిజిటల్ ఎక్స్ఛేంజిలు, వాటి మధ్య ఎస్‌డీహెచ్ (పాత తరం డిజిటల్ ట్రాన్స్‌మిషన్ పద్ధతి) ఫైబర్ రింగులు, కొండ ప్రాంతాలకు మైక్రోవేవ్ లింకులు, వాటి చివర్న 2జీ, 3జీ టవర్లు. ప్రతి టవర్‌కీ ఒకటో రెండో ఈ1 లైన్లు. చాలా దేశాల్లో ఉన్న నెట్‌వర్కే. పరికరాలు బాగా పాతబడ్డాయి. స్పేర్ కార్డులు బజారులో దొరక్క, ఒక రాక్‌లోంచి తీసి ఇంకో రాక్‌లో పెట్టి నెట్టుకొస్తున్నారు. డేటా వాడకం పెరిగేకొద్దీ 2 మెగాబిట్ల లైన్లు ఎన్ని కలిపినా చాలడం లేదు. మార్చాలన్న నిర్ణయం సరైనదే. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను.

ఈ1 లైన్ గురించి ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, కేసంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఒక్కో ఫోన్ కాల్ సెకనుకు 8,000 శాంపిళ్లుగా వెళ్తుంది. అలాంటి 32 స్లాట్లు కలిస్తే ఒక ఫ్రేము. ఫ్రేముకు 125 మైక్రోసెకన్లు, మొత్తం సెకనుకు 2.048 మెగాబిట్లు. పంపే వైపు లయ, అందుకునే వైపు లయ ఒక్కటైతేనే ఇది సాగుతుంది. ఒకవైపు కాస్త వేగంగా పోస్తూ, రెండోవైపు కాస్త నెమ్మదిగా తోడుకుంటుంటే మధ్యలో తొట్టి నిండిపోయి ఎప్పుడో ఒకప్పుడు ఒక ఫ్రేము పొర్లిపోతుంది. దాన్నే స్లిప్ అంటాం.

స్లిప్పులు రాకుండా ఉండాలంటే దేశమంతా ఒకే లయలో నడవాలి. అందుకోసం ప్రధాన ఎక్స్ఛేంజిలో ఆ లయ ఇచ్చే సీజియం క్లాక్ (చాలా కచ్చితమైన అణు గడియారం) పెడతారు. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వారి జి.811 ప్రమాణం ప్రకారం దాని తేడా పది వేల కోట్లకు ఒక వంతు మించకూడదు. ఆ స్థాయి క్లాకులు రెండు విడివిడిగా నడిచినా, వాటి మధ్య ఒక్క స్లిప్ రావడానికి 70 రోజులు దాటుతుంది. ఆ లయ ఎస్‌డీహెచ్ మీదుగా కిందికి దిగి, ఈ1 లైన్‌లో బిట్ల వేగం రూపంలో టవర్ దాకా చేరుతుంది. టవర్‌లోని బేస్ స్టేషన్, అంటే ఫోన్లతో మాట్లాడే రేడియో పరికరం, దాన్ని పట్టుకుని తన రేడియో ఫ్రీక్వెన్సీని సరిచేసుకుంటుంది. జీఎస్ఎం (2జీ) బేస్ స్టేషన్ ఫ్రీక్వెన్సీ తేడా వంద కోట్లకు 50 వంతుల లోపు ఉండాలి. అంటే 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 45 హెర్ట్జ్.

ఇదంతా ఎవరూ ప్రత్యేకంగా ఏర్పాటు చేయనక్కర్లేదు. లైన్ వస్తే క్లాక్ వస్తుంది. అందుకే క్లాక్ అనేది ఒకటి వస్తోందన్న సంగతే చాలామందికి గుర్తుండదు.

ఐపీ నెట్‌వర్క్ నడిచే ఈథర్నెట్ తీరు వేరు. ప్రతి పరికరంలో సొంత క్రిస్టల్, అంటే లయ పుట్టించే స్ఫటికం, ఉంటుంది. దాని తేడా పది లక్షలకు 100 వంతుల దాకా ఉన్నా ప్రమాణం ఒప్పుకుంటుంది. బేస్ స్టేషన్‌కు కావలసిన దానికంటే ఇది 2,000 రెట్లు వదులు. ప్యాకెట్లు బఫర్లలో ఆగి ఆగి వెళ్తాయి కాబట్టి డేటాకు దాంతో ఏ ఇబ్బందీ లేదు.

మా డిజైన్ పత్రంలో క్లాక్ గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: "సింక్రనైజేషన్: ప్రస్తుత పద్ధతి కొనసాగుతుంది." ప్రస్తుత పద్ధతి అంటే మేం పీకేయబోతున్న ఈ1 లైనే. ఆ పత్రాన్ని సమీక్షించిన వాళ్లలో నేనూ ఉన్నాను, దాని మీద నా సంతకం కూడా ఉంది.

కట్‌ఓవర్, అంటే పాత లైన్ నుంచి కొత్తదానికి మార్చడం, రీజియన్ల వారీగా, అర్ధరాత్రి నుంచి నాలుగింటి లోపు. ఐపీ పోర్టు ఉన్న కొత్త బేస్ స్టేషన్లను నేరుగా రూటర్‌కు కలిపాం. ఈ1 పోర్టు మాత్రమే ఉన్న పాత వాటికి రెండు చివరలా చిన్న కన్వర్టర్ బాక్సులు పెట్టాం. ఇటు ఈ1 తీసుకుని ప్యాకెట్లుగా పంపి, అటు మళ్లీ ఈ1గా మార్చి ఇస్తాయవి. ఈ రెండు రకాల తేడా తర్వాత ముఖ్యమైంది.

సమస్య

కట్‌ఓవర్ రాత్రుళ్లు ప్రశాంతంగా గడిచాయి. ఉదయం రిపోర్టులన్నీ బాగున్నాయి. డేటా వేగం పెరిగింది, అలారాలు లేవు. మొదటి రెండు వారాలు ఎక్కడా చిన్న ఫిర్యాదు కూడా లేదు.

మూడో వారం నుంచి కాల్స్ తెగిపోతున్నాయన్న ఫిర్యాదులు మొదలయ్యాయి. ఇంట్లో కూర్చుని మాట్లాడితే ఏమీ కావడం లేదు. బస్సులో, కారులో వెళ్తూ మాట్లాడితే తెగిపోతోంది. గణాంకాలు చూస్తే దాదాపు అన్నీ హ్యాండోవర్ దగ్గరే, అంటే ఫోన్ ఒక టవర్ నుంచి పక్క టవర్‌కు మారే క్షణంలోనే తెగుతున్నాయి. రోజురోజుకూ కొద్దికొద్దిగా పెరుగుతోంది. కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద మాత్రం అన్నీ పచ్చగానే ఉన్నాయి.

మమ్మల్ని ఎక్కువగా తప్పుదారి పట్టించింది ఆ మూడు వారాల ఆలస్యం. కట్‌ఓవర్ వల్లే అయితే మర్నాడే కనిపించాలి కదా అన్నది అందరి వాదన. నాకూ అది సబబుగానే తోచింది.

ముందు ఏం చేశాం, ఎందుకు చేశాం

సమస్య రేడియోలో కనిపిస్తోంది కాబట్టి రేడియో టీమ్‌కు అప్పగించారు. ఉన్న ఆధారాలను బట్టి అది తప్పు నిర్ణయం కాదు. హ్యాండోవర్ విఫలమైతే ఎవరైనా ముందు చూసేది పక్క సెల్‌ల జాబితా, యాంటెన్నా వంపు, హ్యాండోవర్ మార్జిన్. వాళ్లు రెండు వారాలు డ్రైవ్ టెస్టులు చేసి ఈ మూడూ సర్దారు. ఒక రోడ్డు మీద తగ్గితే ఇంకో రోడ్డు మీద పెరిగింది. అన్నిచోట్లా సిగ్నల్ బలంగానే ఉంది. బలమైన సిగ్నల్ ఉండి కూడా ఫోన్ పక్క సెల్‌ను గుర్తుపట్టలేకపోతోంది. వాళ్ల రిపోర్టులో ఈ వాక్యం ఉంది. దాని విలువ అప్పుడు మాకు తెలియలేదు.

తర్వాత ఒక ప్రయోగం చేశాం. మార్పిడిని అనుమానించాల్సిందేనని నేను పట్టుబట్టాను. బాగా తెగిపోతున్న ఒక కొండ మీది సైట్‌ను ఒక రాత్రి తిరిగి పాత ఈ1 లైన్‌కు మార్చాం. ఎస్‌డీహెచ్ రాక్ అక్కడ ఇంకా తీయలేదు. తప్పు కొత్త నెట్‌వర్క్‌ది అయితే అక్కడ తగ్గాలి. తగ్గలేదు సరికదా, మర్నాటికి ఆ సైట్ నుంచి హ్యాండోవర్లు ఇంకా ఎక్కువగా విఫలమయ్యాయి. దాంతో మార్పిడికి దీనికి సంబంధం లేదని తేల్చేసి, ఇంకో వారం రేడియో వైపే పోయాం.

ఆ ప్రయోగం ఎందుకు మోసం చేసిందో చెప్పుకోవాలి. హ్యాండోవర్‌లో లెక్కకొచ్చేది ఒక టవర్ క్లాక్ ఎంత సరిగ్గా ఉందన్నది ఒక్కటే కాదు, పక్క టవర్‌తో దాని తేడా ఎంతన్నది కూడా. ఆ చుట్టుపక్కల సైట్లన్నీ ఒకే బ్యాచ్ పరికరాలు. అన్నీ దాదాపు ఒకే దిక్కుకు జరిగాయి కాబట్టి ఒకదానితో ఒకటి కొంతవరకు సర్దుకుంటున్నాయి. మేం మధ్యలో ఒక్కదాన్ని సరైన లయకు తెచ్చాం. అప్పుడు అది చుట్టూ ఉన్న అన్నింటితోనూ తేడాకొచ్చింది. ఒక్క సైట్ మీద కాకుండా, పక్కపక్కన ఉన్న ఏడెనిమిది సైట్ల మీద ఒకేసారి ఆ ప్రయోగం చేసి ఉంటే ఆ రాత్రే తేలిపోయేది.

35 నిమిషాలు

దారి చూపించింది రేడియో కాదు, కార్పొరేట్ సర్వీస్ డెస్క్.

ఒక పెద్ద కస్టమర్‌కు మా దగ్గర రెండు ఈ1 లీజు లైన్లు ఉన్నాయి. ఒకటి ఇంకా పాత ఎస్‌డీహెచ్ మీద, రెండోది కన్వర్టర్ బాక్సుల మీదుగా కొత్త నెట్‌వర్క్‌లో. రెండూ ఒకే మల్టీప్లెక్సర్‌కు (లైన్లను కలిపే పెట్టెకు) వెళ్తాయి. రెండో లైన్‌లో అప్పుడప్పుడూ ఎర్రర్ వస్తోందని అతను నెల రోజులుగా చెబుతూనే ఉన్నాడు. టికెట్ తెరవడం, లైన్ టెస్ట్ చేయడం, బాగానే ఉందని మూసేయడం. ఇది మూడుసార్లు జరిగింది. నాలుగోసారి ఆయన దగ్గర పనిచేసే ఆపరేటర్ ఎర్రర్ వచ్చిన ప్రతి సమయాన్నీ పెన్నుతో రాసి, ఆ కాగితం స్కాన్ చేసి పంపాడు. సర్వీస్ డెస్క్‌లో ఉన్న అమ్మాయి దాన్ని నా టేబుల్ దగ్గరికి తెచ్చి, టికెట్ ఎలా మూయాలో తెలియడం లేదని చెప్పింది.

గళ్ల కాగితం, రెండు నిలువు వరసలు. 9:12, 9:47, 10:22, 10:57. భోజనానికి వెళ్లిన చోట ఖాళీ. మళ్లీ 2:27, 3:02. ప్రతి రెండింటికీ మధ్య 35 నిమిషాలు. మధ్యాహ్నపు ఖాళీ కూడా 35 గుణిజమే.

లైన్‌లో లోపం ఉంటే ఎర్రర్ అంత క్రమంగా రాదు. వదులు కనెక్టరో, తడిసిన కేబులో అయితే ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంది. గడియారంలా వస్తోందంటే అది గడియారాల తేడానే. 35 నిమిషాలంటే 2,100 సెకన్లు. అంతసేపట్లో ఒక ఫ్రేము, అంటే 125 మైక్రోసెకన్లు పొర్లిపోతోంది. 125 మైక్రోసెకన్లను 2,100 సెకన్లతో భాగిస్తే వంద కోట్లకు దాదాపు 60 వంతులు. కాగితం అంచున ఆ లెక్క వేసి, పక్కన 50 అని రాసి గుండ్రంగా చుట్టాను. బేస్ స్టేషన్‌కు ఉన్న హద్దు అది. లీజు లైన్‌లో వచ్చిన తేడా ఆ హద్దు దాటింది. అదే రకం బాక్సుల మీదే సగం టవర్లు నడుస్తున్నాయి.

మర్నాడు రుబీడియం రిఫరెన్స్ (పోల్చి చూడడానికి వాడే కచ్చితమైన క్లాక్), ఫ్రీక్వెన్సీ కౌంటర్ జీపులో పెట్టుకుని ఆ కొండ పక్క సైట్‌కు వెళ్లాం. రుబీడియం వేడెక్కడానికి అరగంట పట్టింది. షెల్టర్ లోపల ఫ్యాన్ల మోత, బ్యాటరీల వాసన. బేస్ స్టేషన్ కార్డు మీద మాస్టర్ క్లాక్ టెస్ట్ పోర్టు ఉంటుంది, దాని మీద చిన్న రబ్బరు మూత. బిగించినప్పటి నుంచి ఆ మూత ఎవరూ తీసినట్టు లేదు, అంచుల్లో దుమ్ము గట్టిపడిపోయింది. తీసి కేబుల్ పెట్టాం. అక్కడ సరిగ్గా 13 మెగాహెర్ట్జ్ రావాలి, తేడా 0.65 హెర్ట్జ్ దాటకూడదు. కౌంటర్ మీద అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి 13000000.91 దగ్గర నిలబడ్డాయి. అంటే వంద కోట్లకు 70 వంతులు. కార్డు మీద లైటు మాత్రం నిండుగా పచ్చగా వెలుగుతోంది.

ఒకే లక్షణం, రెండు జబ్బులు

తర్వాతి రోజుల్లో ఇంకొన్ని సైట్లు కొలిచాక తెలిసిందేమిటంటే, తప్పు ఒకటి కాదు, రెండు.

ఐపీ పోర్టుతో కలిపిన కొత్త బేస్ స్టేషన్లలో క్లాక్ సోర్స్ సెట్టింగ్ "ఇంటర్నల్" అని ఉంది. కాన్ఫిగరేషన్ టెంప్లేట్ ల్యాబ్‌లో తయారైంది, అక్కడ ఒక్కటే బేస్ స్టేషన్ కాబట్టి ఇంటర్నల్ పెట్టినా పనిచేసింది. అదే టెంప్లేట్ అన్ని సైట్లకూ వెళ్లింది. ఇంటర్నల్ అని మనమే చెప్పాక బయటి క్లాక్ లేదని అది అలారం ఇవ్వదు. లోపల ఓవెన్‌లో పెట్టిన క్రిస్టల్ మంచిదే. పాత ఈ1 ఇన్నేళ్లూ దాన్ని సరైన చోట నిలబెట్టి ఉంచింది. చెయ్యి వదలగానే అది పడిపోదు, వయసు ప్రభావంతో రోజుకు కాస్తంత చొప్పున జరుగుతుంది. ఆ మూడు వారాల ఆలస్యం ఇందువల్లే.

కన్వర్టర్ బాక్సుల వెనక ఉన్న పాత బేస్ స్టేషన్ల కథ వేరు. అవి ఈ1కు లాక్ అయ్యాయి, ఆ మాట నిజమే. కానీ ఆ ఈ1ను బాక్సు తయారు చేస్తోంది. ప్యాకెట్లు ఏ వేగంతో వస్తున్నాయో చూసి అసలు లయ ఎంతో అంచనా కడుతుంది. దీన్ని అడాప్టివ్ పద్ధతి అంటారు. ట్రాఫిక్ తక్కువున్నప్పుడు ఆ అంచనా బాగానే ఉంటుంది. సాయంత్రం రద్దీలో ప్యాకెట్లు ఆలస్యమైతే అంచనా తప్పుతుంది. కొన్ని బాక్సుల్లో అది కూడా ఆన్ చేయలేదు, అవి సొంత క్రిస్టల్ మీదే ఈ1 ఇస్తున్నాయి. మన కస్టమర్ లైన్ అలాంటిదే. ఎర్రర్ల మధ్య వ్యవధి అంత స్థిరంగా 35 నిమిషాలు ఉండడానికి కారణమదే.

వాహనాల్లోనే ఎందుకు ఎక్కువ? ఫోన్ తన ఫ్రీక్వెన్సీని మాట్లాడుతున్న టవర్‌ను చూసి సరిచేసుకుంటుంది. పక్క సెల్‌ను గుర్తించడానికి దొరికే సమయం చాలా తక్కువ. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో డాప్లర్ ప్రభావం (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ మారడం) వల్లే 900 మెగాహెర్ట్జ్‌లో 80 హెర్ట్జ్ పైగా తేడా వస్తుంది. దాన్ని తట్టుకునేలానే ఫోన్లు తయారు చేస్తారు. దాని మీద రెండు టవర్ల క్లాక్ తేడా కూడా చేరితే పక్క సెల్ గుర్తింపు కోడ్ చదవలేకపోతుంది. రేడియో టీమ్ రిపోర్టులోని వాక్యానికి అర్థం అప్పుడు తెలిసింది.

తాత్కాలికంగా చేసింది

జనం కాల్స్ రోజూ తెగుతుంటే శాశ్వత పరిష్కారం వచ్చేదాకా ఆగలేం. నాలుగు టీమ్‌లకు రుబీడియం రిఫరెన్సులు ఇచ్చి, సైట్ సైట్‌కూ వెళ్లి క్రిస్టళ్లను చేత్తో సరిచేయించాం. మొండి పనే, కానీ ఫలితం రెండు రోజుల్లోనే కనిపించింది. ఈసారి ఒక్కో సైట్ కాకుండా పక్కపక్క సైట్లు కలిపి ఒకే రోజు చేశాం. దీంతో కొన్ని వారాల గడువు దొరికింది. కన్వర్టర్ల వెనక ఉన్న వాటిలో కొన్నింటిని పాత ఈ1 మీదికి తిరిగి మార్చాం.

అంతకంటే కష్టమైంది రెండో రీజియన్ ఆపించడం. ప్రాజెక్టు పురోగతిని లెక్కించేది ఎన్ని సైట్లు మారాయన్న అంకెతో. ఆపితే ఆ అంకె ఆగిపోతుంది. కాంట్రాక్టర్ టీమ్‌లు ఖాళీగా కూర్చోవాలి. పై సమావేశంలో హ్యాండోవర్ గ్రాఫులు చూపించలేదు. కౌంటర్ మీది 13000000.91 ఫోటో, పక్కనే పచ్చ లైటు ఫోటో పెట్టాను. మన స్క్రీన్ బాగుందని చెప్పే చోట కొలిస్తే ఇలా ఉంది, రెండో రీజియన్‌లో ఎస్‌డీహెచ్ రాకులు తీసేస్తే తిరిగి వెళ్లడానికి చోటుండదు అని చెప్పాను. రాకులు తీయడం ఆపారు. కట్‌ఓవర్లు కొన్ని నెలలు నిలిచిపోయాయి.

పనికిరానివి

ప్రతి సైట్‌లో జీపీఎస్ రిసీవర్ పెట్టేయమన్న సూచన అన్నిటికంటే ముందు వచ్చింది. క్లాక్ నేరుగా ఆకాశం నుంచే వస్తుంది, నెట్‌వర్క్‌తో పని లేదు. కొన్ని సైట్లలో పెట్టి చూశాం, బాగానే పనిచేసింది. కానీ దేశమంతా దాని మీదే ఆధారపడడానికి నేను ఒప్పుకోలేదు. లోయల్లో, ఎత్తైన భవనాల మధ్య ఆకాశం సరిగా కనిపించదు. టవర్ పైన ఇంకో యాంటెన్నా, ఇంకో కేబుల్ అంటే పిడుగుకు ఇంకో దారి. చవకైన జామర్ ఒకటి చాలు, చుట్టుపక్కల రిసీవర్లన్నీ గుడ్డివైపోతాయి. పైగా 2016 జనవరి 26న జరిగింది ఉండనే ఉంది. ఒక పాత జీపీఎస్ ఉపగ్రహాన్ని సేవ నుంచి తొలగించే సమయంలో, వ్యవస్థ ప్రసారం చేసిన సమయ సవరణలో 13 మైక్రోసెకన్ల తప్పు దొర్లింది. ఉపగ్రహాలు బాగానే ఉన్నాయి, రిసీవర్లూ బాగానే ఉన్నాయి, అయినా పలు దేశాల్లో టెలికాం పరికరాలు అలారాలతో మోగిపోయాయి. అందుకని జీపీఎస్‌ను సీజియం పక్కన, కొన్ని ప్రధాన కేంద్రాల్లో మాత్రమే ఉంచాం.

రెండోది, నెట్‌వర్క్ మీదుగానే సమయాన్ని ప్యాకెట్లలో పంపడం. పీటీపీ అంటాం, ఐఈఈఈ 1588 ప్రమాణం. మాకు అక్కరకొచ్చే రూపం 2008 నాటి రెండో వెర్షన్‌తో వచ్చింది. కేంద్రంలో ఒక సర్వర్, టవర్లలో క్లయింట్లు, మధ్యలో ఉన్న రూటర్లకు ఏ మార్పూ అక్కర్లేదు. ఖర్చు తక్కువ, పని త్వరగా అయిపోతుంది. ల్యాబ్‌లో చక్కగా పనిచేసింది. ఫైబర్ దగ్గర్లో ఉన్న సైట్లలో కూడా పర్వాలేదు. మైక్రోవేవ్ గొలుసుల చివర ఉన్న సైట్లలో సాయంత్రమయ్యేసరికి క్లాక్ ఊగడం మొదలైంది.

పీటీపీ ప్యాకెట్లకు అందరికంటే ముందు దారి ఇచ్చాం. అయినా అప్పటికే బయల్దేరిన ఒక పెద్ద ప్యాకెట్‌ను మధ్యలో ఆపలేం. 1,500 బైట్ల ప్యాకెట్ 1 గిగాబిట్ లింకులో 12 మైక్రోసెకన్లు, 100 మెగాబిట్ లింకులో 120 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. అలాంటి హాప్‌లు (ఒక పరికరం నుంచి ఇంకోదానికి ఉన్న లింకులు) ఐదారు దాటి వచ్చే ప్యాకెట్ ఎప్పుడు వస్తుందో స్థిరంగా ఉండదు. వాన పడితే మైక్రోవేవ్ రేడియో తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఆలస్యం ఒక్కసారిగా మారిపోతుంది. వెయ్యి సెకన్లలో సగటు ఆలస్యం 100 మైక్రోసెకన్లు జరిగితే, క్లయింట్‌కు అది వంద కోట్లకు 100 వంతుల తేడాలా కనిపిస్తుంది. మా హద్దుకు రెట్టింపు. ఫిల్టర్ మార్చి చూశాం, ప్యాకెట్ల సంఖ్య పెంచాం. కొంచెం మెరుగైంది, హద్దు లోపలికి మాత్రం రాలేదు. ఇంకో నెల దాన్ని పట్టుకుని వేలాడకుండా ఆపేశాం. ట్రాఫిక్‌ను బట్టి మారే క్లాక్ నాకు క్లాక్ కాదు.

పనిచేసింది

చివరికి సింక్రనస్ ఈథర్నెట్‌కు వచ్చాం. పాత ఈ1 ఆలోచనే ఇది, ఈథర్నెట్‌లోకి తెచ్చారు. ప్యాకెట్లు ఉన్నా లేకున్నా ఈథర్నెట్ తీగ మీద బిట్లు ఆగకుండా వెళ్తూనే ఉంటాయి. ఆ బిట్ల వేగాన్నే పై క్లాక్‌కు కట్టేస్తే కింది పరికరం దాన్ని పట్టుకోగలదు. రద్దీతో సంబంధం లేదు.

దీనికి ఒక షరతుంది. గొలుసులో ప్రతి పరికరమూ దీన్ని అర్థం చేసుకోవాలి. మధ్యలో ఒక్క మామూలు స్విచ్ ఉన్నా, అది పై నుంచి వచ్చిన లయను వదిలేసి తన క్రిస్టల్ లయతో కిందికి పంపుతుంది. డేటా చక్కగా వెళ్తుంది, క్లాక్ అక్కడ తెగిపోతుంది. అందుకని డ్రాయింగులు నమ్మకుండా ప్రతి హాప్‌నూ కళ్లతో చూసి రాయమన్నాం. డ్రాయింగులో లేని చిన్న స్విచ్‌లు చాలా బయటపడ్డాయి. ఎప్పుడో పోర్టులు చాలక ఎవరో పెట్టినవి. రెండు నెలలు ఆ సర్వేకే పోయాయి. మొత్తం ప్రాజెక్టులో అంత విలువైన రెండు నెలలు ఇంకోటి లేవని నా అభిప్రాయం.

సర్వే అయ్యాక ప్రతి నోడ్‌కూ క్లాక్ ఎటు నుంచి రావాలి, అది తెగితే ఎటు నుంచి తీసుకోవాలి అని ఒక పెద్ద షీట్ మీద గీశాం. ప్రతి పోర్టూ తాను ఇచ్చే క్లాక్ ఏ నాణ్యతదో పక్కదానికి చెబుతుంది. ఎవరి దగ్గర తీసుకుంటున్నానో వాళ్లకే "నా దగ్గర తీసుకోవద్దు" అన్న సందేశం తిరిగి పంపుతుంది. లేకపోతే ఇద్దరూ ఒకరినొకరు చూసి లయ సరిచేసుకుంటూ, ఇద్దరూ కలిసి దారి తప్పుతారు.

షీట్ ఎంత బాగా గీసినా పరీక్షించాల్సిందే. ఒక రాత్రి మొదటి రింగులో ఫైబర్‌ను కావాలనే పీకాం. క్లాక్ రెండో వైపు నుంచి రావాలి, వచ్చింది, అన్ని నోడ్‌లూ లాక్ చూపించాయి. కౌంటర్ మీద మాత్రం అంకె నెమ్మదిగా పైకి పాకుతోంది. గంటసేపు వెతికాక దొరికింది. ఒక నోడ్‌లో ఒక పోర్టుకు క్లాక్ నాణ్యతను బిగించే రోజుల్లో ఎవరో చేత్తో "అత్యుత్తమం" అని పెట్టి వదిలేశారు. అసలు ఏం వస్తోందో చూడకుండా అది అందరికీ అదే చెబుతోంది. దాన్ని నమ్మి రింగులో మూడు నోడ్‌లు ఒకదాన్నొకటి పట్టుకుని తిరుగుతున్నాయి. ఆ సెట్టింగ్ తీసేశాం. తర్వాత రీజియన్‌లోని ప్రతి రింగులోనూ, ప్రతి ఫైబర్ ముక్కనూ ఒక్కోసారి పీకి చూడకుండా ముందుకు వెళ్లలేదు.

కన్వర్టర్ బాక్సుల్లో అడాప్టివ్ పద్ధతి తీసేసి, రెండు చివరలా సింక్రనస్ ఈథర్నెట్ క్లాకే వాడేలా మార్చాం. కస్టమర్ రెండో లైన్‌లో 35 నిమిషాల ఎర్రర్ ఆ రోజుతో పోయింది. ఆ ఆపరేటర్‌కు నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆయన రాసిన కాగితమే మాకు దారి చూపిందని చెబితే కాసేపు నమ్మలేదు.

తెగిపోయే కాల్స్ మార్పిడికి ముందున్న స్థాయికి తిరిగొచ్చాయి. దాని పైన, రాబోయే టీడీడీ (పంపడం, అందుకోవడం ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులవారీగా చేసే) సైట్ల కోసం పీటీపీని మళ్లీ తెచ్చాం, ఈసారి మధ్యలోని ప్రతి రూటరూ సమయాన్ని సరిచేసి పంపే పద్ధతిలో. టీడీడీ 4జీ, 5జీలకు ఫ్రీక్వెన్సీ ఒక్కటే సరిపోదు. ప్రతి టవర్ సమయం కూడా అసలు సమయానికి అటూ ఇటూ 1.5 మైక్రోసెకన్ల లోపు ఉండాలి. కింద సింక్రనస్ ఈథర్నెట్ లయ గట్టిగా ఉంటే పైన పీటీపీ పని తేలికవుతుంది.

ఈ కేసు తర్వాత మా పద్ధతిలో మారినవి

"లాక్" అన్న లైటును ఇప్పుడు ఎవరం అంగీకార పరీక్షగా తీసుకోం. ప్రతి క్లస్టర్‌లో కనీసం ఒక సైట్‌లో, గొలుసు చివర ఉన్న సైట్‌లోనే, వేరే రిఫరెన్స్‌తో రాత్రీ పగలూ కలిపి కొలుస్తాం. కట్‌ఓవర్ తర్వాత వారానికీ, నెలకూ మళ్లీ కొలుస్తాం, క్రిస్టల్ జరగడానికి టైమ్ పడుతుంది కాబట్టి. కార్పొరేట్ లైన్ల టికెట్లలో సమయాలు రాసే గడి తప్పనిసరి చేశాం. రేడియో, ట్రాన్స్‌మిషన్, కార్పొరేట్ డెస్క్ వాళ్లు వారానికోసారి ఒకే గదిలో కూర్చుని తెరిచి ఉన్న టికెట్లు చదువుతారు. మూడు చోట్ల మూడు ముక్కలుగా ఉన్న ఆధారాన్ని నెల రోజులు ఎవరూ కలపకపోవడం నన్ను చాలాకాలం బాధించింది.

ఇంకో ప్రశ్న కూడా డిజైన్ పత్రం మొదటి పేజీలోకి వచ్చింది: మనం అడగకుండానే పాత నెట్‌వర్క్ ఇంకేం ఇస్తోంది? క్లాక్ తర్వాత మాకు దొరికిన జవాబు కరెంటు. పాత రాగి తీగ ఫోన్‌కు ఎక్స్ఛేంజి బ్యాటరీ నుంచే మైనస్ 48 వోల్టులు వెళ్తాయి. ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ మోగుతుంది. ఫైబర్‌కు మారితే ఇంట్లోని పెట్టెకు ఇంటి కరెంటే దిక్కు. లిఫ్టుల్లో అత్యవసర ఫోన్లు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల మెడలోని అలారం బటన్లు ఆ రాగి తీగ మీదే ఆధారపడి ఉంటాయి. బ్రిటన్‌లో పాత టెలిఫోన్ నెట్‌వర్క్ మూసివేత 2025 చివరికి పూర్తి కావాల్సింది, 2027 జనవరికి వాయిదా పడింది. అలారం బటన్ల మీద బతికేవాళ్ల భద్రత అందులో పెద్ద కారణం. మా దగ్గర ల్యాండ్‌లైన్ల మార్పిడి ఇంకా మొదలవలేదు. అలాంటి లైన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఇంటింటికీ తిరిగి రాసే పని మాత్రం మొదలైంది.

రెండో రీజియన్ పూర్తయింది. మూడోది నడుస్తోంది. మొదటి రీజియన్‌లో ఒక లోయలోని సైట్లు ఇప్పటికీ పాత ఎస్‌డీహెచ్ మీదే ఉన్నాయి. అక్కడి మైక్రోవేవ్ రేడియోలు సింక్రనస్ ఈథర్నెట్‌ను మోయలేవు. కొత్త రేడియోలు వచ్చి, వాన పడే ఒక వారమంతా కొలిచేదాకా ఆ రాక్‌ను ఆపేది లేదని రాసి, దాని తలుపు మీద అంటించాం.